కొత్త ఫ్యాన్ మీద సాంబ్రాణి మసి

నేను పనిచేసే ఫ్యాక్టరీలో ఒక ఫారం ఉంది. ఏ మెషీన్ ఆగిపోయినా విప్పి చూసి, ఎందుకు ఆగిందో అందులో రాసి సంతకం పెట్టాలి. 'కారణం తెలియదు' అని రాస్తే ఆ ఫారం తిరిగి నా టేబుల్ మీదికే వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా నాది అదే ఉద్యోగం.

అందుకని దయ్యాలంటే నాకు మొదట్నుంచీ వెటకారమే. మలేసియాలో మా ఊరు సుంగై పెటానిలో ఫ్యాక్టరీలకి కొదవ లేదు, ఫ్యాక్టరీల్లో దయ్యాల కథలకీ కొదవ లేదు. టాయిలెట్లో ఎవరో ఏడుస్తున్నారని ఆపరేటర్లు లోపలికి వెళ్ళడం మానేస్తారు. బొమోని, అంటే మలయ్ మంత్రగాణ్ణి, పిలిపించమని పట్టుబడతారు. నేను వెళ్ళి చూస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బేరింగ్ అరిగిపోయి ఉంటుంది. బేరింగ్ మారిస్తే ఏడుపు ఆగుతుంది. ఆ తరవాత నెల రోజులు వాళ్ళని ఏడిపించడం నా వంతు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఒక ఫ్యాన్ గురించే. ఇది చదివి ఎవరైనా నన్ను ఏడిపిస్తే పడతాను. ఇందులో నాకు తలవంపులు తెచ్చే సంగతి వేరే ఉంది.

మేముండే హౌసింగ్ కాలనీ చివర మా రామమందిరం ఉంది. ఒకప్పుడు రబ్బరు తోటలో ఉండేది. తోట అమ్మేసి ఇళ్ళు కట్టినప్పుడు విగ్రహాలని లారీలో ఇక్కడికి తెచ్చుకున్నాం. మా తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. శుక్రవారం సాయంత్రం మేం పాడే భజన పాటలు వాళ్ళతో పాటు ఓడెక్కి వచ్చినవే.

చిక్కేమిటంటే మా పిల్లలకి తెలుగు చదవడం రాదు. పెద్దవాళ్ళలో కూడా చదవగలిగేవాళ్ళం నలుగురైదుగురం. మా నాన్న పట్టుబట్టి కూర్చోబెట్టాడు కాబట్టి నాకు వచ్చింది. అందుకని పాటలన్నీ నేనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, గోడ మీది టీవీలో కనిపించేలా ఏర్పాటు చేశాను. ఫ్యాక్టరీలో పారేయబోతున్న ఒక పాత కంప్యూటర్ని అడిగి తెచ్చుకుని, టీవీ కింద టేబుల్ మీద పెట్టాను. మందిరంలో నాకంటూ ఏదైనా గౌరవం ఉందంటే అది ఆ పెట్టె వల్ల వచ్చిందే. నేను రాగానే కుర్చీ వేసేవారు. అది నాకు బాగుండేది, కాదనను.

మందిరంలో ధూపం వేసే పని గవరమ్మ అత్తది. నాకు చుట్టరికం లేదు, కాని తోటలో పుట్టిన మా అందరికీ ఆవిడ అత్తే. తోట ఉన్నన్నాళ్ళూ రబ్బరు పాలు తీసింది. తోట పోయాక ఒక ఆఫీసులో నేల తుడిచింది. ఒక్క అక్షరం రాదు. కాని మందిరంలో ఉన్న ప్రతి పాటా మొదటి నుంచి చివరిదాకా ఆవిడకి నోటికి వచ్చు.

మూడో పాట మొదలయ్యేసరికి ఆవిడ కొబ్బరి చిప్పల నిప్పుల మీద సాంబ్రాణి చల్లి లేచేది. ఆ పొడిలో ఎండబెట్టిన యాలకుల తొక్కలు కలిపేది, అది ఆవిడ అలవాటు. ముందు దేవుడికి, తరవాత మృదంగానికి, హార్మోనియంకి పొగ చూపించేది. నేను కంప్యూటర్ తెచ్చిన మొదటి శుక్రవారమే దాని దగ్గరికీ వచ్చింది.

"దీనికీ సూపిత్తాను లా. పాటలన్నీ దీని కడుపులోనే ఉన్నాయి కదేటి," అంది. మాట చివర ఆ 'లా' మాకు మలయ్ నుంచి అబ్బింది. అందరం నవ్వాం. ఆ తరవాత అది మామూలైపోయింది. ఆరేడేళ్ళు వారం వారం కంప్యూటర్ కూడా ధూపం తీసుకుంది.

తరవాత దాని లోపలి ఫ్యాన్ గోల మొదలుపెట్టింది. ప్రాసెసర్‌ని చల్లబరిచే చిన్న ఫ్యాన్ అది. మొదట్లో గురక లాగా ఉండేది, తరవాత మృదంగాన్ని కూడా మింగేసే మోత. ఒక శనివారం పొద్దున కూర్చుని మార్చేశాను. పాత ఫ్యాన్ రెక్కల నిండా నల్లటి జిగురు మసి. మాదిరికి ఉంటుందని దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి, నా మోటార్ సైకిల్ సీటు కింద పెట్టుకున్నాను.

కొత్త ఫ్యాన్‌వి తెల్ల రెక్కలు, వైరు కొంచెం పొడుగు. మిగిలిన వైరుని చుట్టి, ప్లాస్టిక్ టైతో కట్టి పక్కకి లాగాలి. ఆ రోజు నా దగ్గర టై లేదు. వచ్చే వారం కడదాంలే అని మూత బిగించేశాను. ఫ్యాక్టరీలో నా కింద పనిచేసేవాడు అలా చేసి ఉంటే వాడికి ఆ పూట అక్షింతలే. వచ్చే వారం నాకు గుర్తు రాలేదు. ఆ పై వారం శ్రీరామనవమి.

ఆ నవమికి కువాలా సెలంగోర్ నుంచి ఒక భజన బృందం బస్సులో వచ్చింది. మందిరం నిండిపోయింది. మూడో పాట సగంలో ఉండగా టీవీ నల్లబడింది. కంప్యూటర్ వేడెక్కి ఆగిపోయింది.

గొంతులు ఒకటొకటే సన్నగిల్లాయి. పాట మాకు రాదన్న సంగతి వచ్చినవాళ్ళందరికీ తెలిసిపోయింది. అప్పుడు వెనక నుంచి గవరమ్మ అత్త గొంతు వినిపించింది. ఆవిడ చేతిలో ధూపంతో నిలబడి, ఏమీ జరగనట్టు పాడుతూనే ఉంది. మిగతా భజనంతా ఆవిడ ఒక చరణం అందిస్తే మేం అందుకున్నాం. ఆ రోజు మా మందిరం పరువు నిలబెట్టింది ఆవిడే.

భజన అయ్యాక పానకం తాగుతూ, కమిటీ పెద్ద నారాయణ మావ అందరి ముందూ నన్ను అడిగాడు. "ఏటైనాదిరా సిమ్మాద్రీ? మొన్ననే కదా మార్చినావు. మళ్ళీ రోసక్కేనా?" రోసక్ అంటే పాడైపోవడం, మలయ్ మాట. ఫ్యాక్టరీలో ఆ మాట విన్నప్పుడల్లా నా ఒళ్ళు మండుతుంది. ఇప్పుడు వచ్చినవాళ్ళందరూ నా వైపే చూస్తున్నారు.

నేనింకా పెట్టె విప్పి చూడనే లేదు. అయినా బయటికి వెళ్ళి, మోటార్ సైకిల్ సీటు కిందున్న పాత ఫ్యాన్ తెచ్చి చూపించాను. "పొగ, మావా. సాంబ్రాణి పొగ. లోపలంతా ఇలా పట్టేసినాది. ఏ ఫ్యాన్ ఏసినా ఇంతే," అన్నాను. నల్లటి ఫ్యాన్ చేతులు మారింది. అందరూ ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. గవరమ్మ అత్త చేతిలో ధూపం పాత్ర అలాగే ఉంది. ఆవిడ దాన్ని మెల్లగా వెనక్కి పెట్టుకుంది.

ఆ మాట అన్నప్పుడు నేను నిజంగా అలాగే అనుకున్నానని చాలాకాలం నాకు నేను సర్ది చెప్పుకున్నాను. కాని మర్నాడు పొద్దున పెట్టె విప్పాను. నేను కట్టకుండా వదిలేసిన వైరు ఫ్యాన్ రెక్కల మధ్య ఇరుక్కుని ఉంది. రెక్కలు కదలకుండా బిగుసుకుపోయాయి. కొత్త ఫ్యాన్ మీద మసి చుక్క లేదు.

వైరు లాగి, టైతో కట్టాను. అంతా కలిపి రెండు నిమిషాల పని. మూత బిగిస్తుండగా నారాయణ మావ వచ్చాడు. "పొగేనా?" అని అడిగాడు. "అవును మావా, క్లీన్ సేసినాను," అన్నాను. అసలు అబద్ధం అదీ. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఆయనకి నిజం చెబితే "నీ తలకాయ్" అని నవ్వి ఊరుకునేవాడు. పరువు పోవడానికి అక్కడ జనం కూడా లేరు.

ఆదివారం కమిటీ కూర్చుని, హాల్లో సాంబ్రాణి వద్దని తీర్మానించింది. ధూపం బయట తులసికోట దగ్గర వేసుకోవాలి. దేవుడికి కర్పూర హారతి చాలు. ఆ మాట గవరమ్మ అత్తకి నారాయణ మావ నెమ్మదిగానే చెప్పాడు. ఆవిడ "అలాగే బాబు" అంది.

తరవాతి శుక్రవారం భజనకి ముందు నా దగ్గరికి వచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేరు.

"నా పొగే సంపేసినాదా నాయినా దీన్ని?"

నేను ఆవిడ మొహం వైపు చూడలేదు. మౌస్ వైరు సర్దుతూ "అవునత్తా, ఏటి సేత్తాం," అన్నాను.

ఆవిడ కంప్యూటర్ ముందుకి వెళ్ళి రెండు చేతులూ జోడించింది. "తప్పైపోనాది," అంది దానితో. ఆ మాట నాతో అన్నా నేను తట్టుకునేవాణ్ణేమో.

ఆ రోజు నుంచి ఆవిడ బయట ధూపం వేసి, కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుని, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా వెనక కూర్చునేది. టేబుల్ వైపు వచ్చేదే కాదు. ప్రసాదానికి కూడా అటు చుట్టూ తిరిగి వెళ్ళేది, తన బట్టల్లో పొగ ఉంటుందని. నేను ప్రతి శుక్రవారం చెప్పేద్దామనే బయల్దేరేవాణ్ణి. వారం గడిచేకొద్దీ అబద్ధం బరువెక్కింది, చెప్పకుండానే తిరిగొచ్చేవాణ్ణి. కుర్చీ మాత్రం మామూలుగానే వేసేవారు, కూర్చునేవాణ్ణి.

ఐదు నెలల తరవాత ఆవిడకి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. రెండో రోజు సాయంత్రం నా భార్యా నేనూ చూడడానికి వెళ్ళాం. చెప్పాలనే వెళ్ళాను, దేవుడి మీద ఒట్టు. ఆవిడ నన్ను గుర్తుపట్టి, ఆక్సిజన్ గొట్టం పక్కకి జరుపుకుని అడిగింది.

"కంప్యూటర్ బాగున్నాదా?"

"బాగున్నాది అత్తా," అన్నాను. అంతే అన్నాను. నాలుగో రోజు ఆవిడ పోయింది.

ఇక్కడిదాకా జరిగిన దానికి కారణాలన్నీ నాకు తెలుసు. నా ఫారంలో రాయగలను. ఇక్కడి నుంచి రాయలేను.

కర్మకాండలు అయిపోయాక మూడో శుక్రవారం అనుకుంటాను. మూడో పాట మొదలైంది. కంప్యూటర్ ఫ్యాన్ గురక మొదలుపెట్టింది. పాత ఫ్యాన్ చేసిన శబ్దమే. పాట పూర్తయ్యేదాకా ఉంది, తరవాత ఆగిపోయింది. ఒకరిద్దరు నా వైపు చూశారు. మూడో పాట ఆవిడ ధూపంతో లేచే వేళ అని వాళ్ళకి తట్టలేదు. నాకు తట్టింది, కొట్టిపారేశాను.

మర్నాడు విప్పాను. కొత్త ఫ్యాన్ రెక్కలు నల్లగా ఉన్నాయి.

తెల్ల గుడ్డతో తుడిస్తే జిగురుగా అంటుకుంది. వాసన చూశాను. సాంబ్రాణి, అందులో యాలకులు. ఐదారు నెలలుగా ఆ హాల్లో సాంబ్రాణి వెలిగించలేదు. హారతి కర్పూరం మసి అనుకుందామంటే అది పొడిగా రాలుతుంది, యాలకుల వాసన రాదు. టేబుల్ మీద, టీవీ వెనక, పైనున్న సీలింగ్ ఫ్యాన్ మీద వేలితో రాసి చూశాను. మామూలు దుమ్మే.

తుడిచి, మూత పెట్టాను. తరవాతి శుక్రవారం మళ్ళీ మూడో పాటకి అదే గురక. శనివారం విప్పితే మళ్ళీ మసి.

అప్పుడు ఫ్యాక్టరీలో చేసినట్టే చేశాను. అలాంటిదే ఇంకో కొత్త ఫ్యాన్ కొని, కవరు అక్కడే చింపి బిగించాను. పెట్టెకి గాలి వచ్చే కంతలన్నిటికీ, ముందూ వెనకా, తెల్లటి ఫిల్టర్ గుడ్డ అతికించాను. మూత అంచుల మీద టేపు వేసి, టేపు మీద నా సంతకం పెట్టాను. ఎవరైనా విప్పితే నాకు తెలుస్తుంది. పొగ లోపలికి వెళ్తే ముందు ఫిల్టర్ నల్లబడాలి.

శనివారం వచ్చి చూశాను. టేపు చెక్కుచెదరలేదు. ఫిల్టర్ గుడ్డలు తెల్లగా ఉన్నాయి. లోపల ఫ్యాన్ నల్లగా ఉంది.

ఫ్యాన్ ఊడదీసి వెలుతురులో పట్టి చూశాను. అదే సమయానికి నారాయణ మావ పూలు పట్టుకుని లోపలికి వచ్చాడు. నా చేతిలోని ఫ్యాన్ తీసుకుని, వాసన చూసి, తల ఊపాడు.

"సూసినావా! నువ్వు అన్నది అచ్చరాలా నిజవే. ముసల్దాని పొగ ఇంకా వదల్లేదు," అన్నాడు.

అప్పటిదాకా నాకు ఒకటే భయం. ఆవిడ నా మీద కోపంతో వస్తోందని. దానికి నేను సిద్ధపడ్డాను కూడా, తగిన శాస్తే అనుకున్నాను. మావ ఆ మాట అనేసరికి నాకు ఇంకోటి తోచింది. ఆవిడ కోపం తెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. తోటలో మాలో ఎవరు ఏ కుండ పగలగొట్టినా "నానే పగలగొట్టినాను లా" అని తన మీద వేసుకునేది. ఇప్పుడూ అదే చేస్తోందేమో. నేను చెప్పిన అబద్ధం నాకు అబద్ధంగా మిగలకుండా చూస్తోందేమో. ఇది నా ఊహే. కాని దానికంటే కోపమే నయం అనిపించింది.

ఆ ఆదివారం కమిటీ ముందు నిలబడి మొత్తం చెప్పేశాను. వైరు గురించి, టై గురించి, తెలిసి తెలిసి అత్తకి అవునని చెప్పిన దాని గురించి. అందరూ తిడతారనుకున్నాను.

నారాయణ మావ లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. "సచ్చిపోయిన మనిషి మీద జాలితో తప్పు నీ మీద ఏసుకుంటన్నావు. పొగ పట్టిన ఫ్యాన్ మేం కళ్ళారా సూసినాం కదేటి. నువ్వు మంచోడివిరా సిమ్మాద్రీ."

మిగతావాళ్ళు కూడా అవునన్నారు. ఒకాయన నాకు టీ తెచ్చి ఇచ్చాడు. హాల్లో సాంబ్రాణి వద్దన్న తీర్మానం అలాగే ఉంది. నేను నిజం చెప్పడానికి ఉన్న ఒక్క దారినీ ఆ మసి మూసేసింది.

అత్త కూతురు లక్ష్మి ఒక్కతే నా మాట నమ్మింది. ఆమె ఇంటికి వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆమె కూర్చోమని అనలేదు.

"అమ్మ బట్టలన్నీ రెండేసి సార్లు ఉతికించేది, పొగ వాసన పోవాలని. ఇప్పుడు ఒచ్చి సెప్తే ఏటి సేసుకోను?" అంది.

నేను జేబులోంచి మసి తుడిచిన గుడ్డ తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు, సాక్ష్యం చూపించడం అలవాటు కాబోలు. ఆమె దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత "అమ్మదే" అంది. గుడ్డ తిరిగి ఇవ్వకుండా తలుపు వేసుకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. కంప్యూటర్ ఇంకా అదే. మార్చి కొత్తది కొందామని కమిటీ అంటోంది, నేనే ఏదో ఒక సాకు చెప్పి ఆపుతున్నాను. కుర్చీ వేస్తే కూర్చోవడం మానేశాను. వెనక, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా కూర్చుంటున్నాను. మూడో పాటకి ఇప్పటికీ గురక వస్తుంది. టేపు, ఫిల్టర్, కొత్త ఫ్యాన్, నాకు తెలిసిన పద్ధతులన్నీ అయిపోయాయి. నాకంటే ఎక్కువ చదువుకున్న ఒక ఇంజనీరుకి, పేర్లు చెప్పకుండా, ఈ సంగతి వివరించాను. ఆయన ఎక్కడో కంత ఉండి ఉంటుందన్నాడు. నేను వెతికాను. కంత లేదు.

ప్రతి శనివారం పొద్దున వెళ్ళి పెట్టె విప్పుతాను. గుడ్డ తీసుకుని ఒక్కో రెక్కా తుడుస్తాను. ఆ వేళకి మందిరంలో ఎవరూ ఉండరు, అందుకని పైకే అంటాను, "నీ పొగ కాదత్తా. వైరు. నేను కట్టలేదు," అని. ఆవిడ అడిగిన రోజు చెప్పాల్సిన మాట అదే.

ఫ్యాన్ తెల్లగా అయ్యేదాకా తుడిచి, మూత పెట్టి ఇంటికి వస్తాను. మళ్ళీ శనివారం వెళ్ళేసరికి నల్లగా ఉంటుంది.